రెండు వందల పౌన్లకు ఏడు కిటికీలు

ఇంగ్లండ్‌లోని లిచ్‌ఫీల్డ్ కెథడ్రల్‌ తూర్పు కొసన లేడీ చాపెల్ ఉంది. అక్కడి రంగుటద్దాల కిటికీల్లో ఏడు పరాయి దేశం నుంచి వచ్చినవి. బెల్జియంలో హాసెల్ట్ పక్కనున్న హెర్కెన్‌రోడ్ మఠంలో సిస్టర్షియన్ సన్యాసినుల కోసం 1530ల్లో చేసినవి.

ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని కలిపేసుకున్నాక మఠాల ఆస్తులు అమ్మకానికొచ్చాయి. 1797లో హెర్కెన్‌రోడ్ ప్రైవేటు చేతుల్లో పడింది. భూములంటే కౌలొస్తుంది, భవనాలంటే అక్కరకొస్తాయి. క్రీస్తు కథలు గీసిన గాజుతో కొత్త యజమానులకేం పని?

1802లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఆమియాన్ సంధి కుదిరింది. ఏడాది పైచిలుకే నిలిచిన ఆ శాంతిలో ఇంగ్లీషువాళ్లు బిలబిలమంటూ సముద్రం దాటారు. వాళ్లలో సర్ బ్రూక్ బూత్‌బీ ఒకడు. కవి, రూసో అంటే పడిచచ్చేవాడు. జోసెఫ్ రైట్ బొమ్మలో చేత రూసో గ్రంథంతో చెట్ల నీడన పడుకుని కనిపించేది ఇతనే. 340 పలకలను 200 పౌన్లకు బేరం చేసి, ఆ బేరాన్ని లిచ్‌ఫీల్డ్ చర్చి పెద్దలకు అప్పగించాడు.

వాళ్లకు గాజు అవసరం నిజంగానే ఉంది. 1640ల అంతర్యుద్ధంలో మూడు ముట్టడులకు గురై ఆ కెథడ్రల్ నడిమి శిఖరమూ పోయింది, పాత అద్దాలూ పోయాయి. లిచ్‌ఫీల్డ్‌లో మతం పేరిట జరిగిన విధ్వంసం మిగిల్చిన ఖాళీని, హెర్కెన్‌రోడ్‌లో మతం మీద కోపంతో జరిగిన అమ్మకం నింపింది. కాథలిక్ సన్యాసినుల కిటికీలు ప్రొటెస్టెంట్ గోడల్లో కుదురుకున్నాయి.

దగ్గరగా చూస్తే ఆ పనితనం తెలుస్తుంది. గాజు వెనకవైపు వెండి లవణం పూసి కొలిమిలో కాలిస్తే తేనె పసుపు పుడుతుంది. కిరీటాలూ, జుట్టూ అలా వచ్చినవే. ముందువైపు గోధుమరంగు పూత ఆరాక గీకి వెలుగునీడలు తెప్పిస్తారు. ముక్కలన్నిటినీ పట్టి ఉంచేవి సీసపు పట్టీలు.

బూత్‌బీ ఒక్కడే కాదు. నోరిచ్‌లో స్థిరపడ్డ జర్మన్ బట్టల వ్యాపారి జాన్ క్రిస్టఫర్ హాంప్ ఇలాంటి గాజును టోకున తెచ్చి నోరిచ్‌లోనూ, లండన్‌లోనూ అమ్మకానికి పెట్టాడు.

దీన్ని రక్షణ అనాలా, కారుచౌక కొనుగోలు అనాలా అన్న వాదన ఉండనే ఉంది. 1826లో హెర్కెన్‌రోడ్ చర్చి తగలబడింది, మిగిలినదాన్ని తర్వాత కూల్చేశారు. కాబట్టి ఈ బేరాన్ని తప్పుపట్టడం కష్టం.

2010–15 మధ్య యార్క్ నిపుణులు ఈ కిటికీలను విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించారు. వాన తగలకుండా బయట మరో గాజు పొర అమర్చి, రెంటి మధ్యా గాలి ఆడే సందు వదిలారు.