వండేటోళ్ళది అసలు పని కాదట!

ఈరోజు పంట ముచ్చట కాదు, వంట ముచ్చట.

హైటెక్ సిటీ అంటే అందరికీ సైబర్ టవర్స్ గుర్తొస్తుంది. 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఎవరు కట్టించారో, ఎవరు తెరిచారో అందరూ చెప్తారు. ఆ బిల్డింగుల్లోని జనానికి పొద్దున ఇడ్లీ, రాత్రి షిఫ్టుకు చపాతీ ఎవరు చేస్తున్నారో మాత్రం ఎవరూ చెప్పరు. వానలు మొహం చాటేసిన ఏడు ఊరొదిలిపోయిన మనోళ్ళు కూడా అందులో ఉన్నారు. మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ళలో, ఆఫీసు క్యాంటీన్లలో చీకటితో లేచి పొయ్యి వెలిగిస్తున్నారు.

పని కోసం జనం ఒక్కచోట చేరితే ముందు కావాల్సింది తిండే. వందేళ్ళ కిందట అమెరికా పడమటి అడవుల్లో చెట్లు నరికే క్యాంపులు ఉండేవి. రోజంతా రంపం లాగే కూలీకి తిండి బాగా లేకపోతే మూట సర్దుకొని ఇంకో క్యాంపుకు పోయేవాడు. అందుకే మంచి వంటమనిషిని యజమానులు పోనిచ్చేవారు కాదు. 1917లో అక్కడ పెద్ద సమ్మె జరిగింది. ఎనిమిది గంటల పనితోపాటు మంచి తిండి కూడా కూలీల డిమాండే. 1918 మార్చిలో ఎనిమిది గంటల పని వచ్చింది. కానీ మూడు పూటలా వండి, అంట్లు తోమేటోళ్ళ పని ఎనిమిది గంటల్లో ఎట్ల తెములుతుంది?

మన దగ్గర 1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్‌లో, 250 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో క్యాంటీన్ పెట్టించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. 1990లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, రైల్వే క్యాంటీన్లలో పనిచేసేవాళ్ళు రైల్వే ఉద్యోగులే అని తీర్పు చెప్పింది. కోర్టు మెట్లెక్కి కొట్లాడితేనే అది వచ్చింది.

మరి హైటెక్ సిటీలో? కంప్యూటర్లు పెట్టినంత మాత్రాన అది ఫ్యాక్టరీ కాదని 1987లోనే చట్టం సవరించారు. అంటే సైబర్ టవర్స్ లేవకముందే ఆ తలుపు మూసుకుంది. ఇక 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత కోడ్, సంస్థ అసలు పనిలో కాంట్రాక్టు కూలీలను పెట్టొద్దంటుంది. అదే కోడ్, క్యాంటీన్ నడపడమే ఆ సంస్థ వ్యాపారం అయితే తప్ప, వంట అసలు పని కిందికి రాదంటుంది. చూశారా? అన్నం పెట్టేది పక్క పని అంట!

మీ ఇంట్లోవాళ్ళు అక్కడ పనిచేస్తుంటే ఒక్కటి అడగండి. పది మంది పనిచేసే చోట ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే కట్టాల్సింది అసలు యజమానే. జీతం చీటీ తీసుకోండి, నంబర్లు రాసి పెట్టుకోండి. పది మంది కూడా లేని చిన్న హాస్టల్లో ఆ ఆసరా కూడా దొరకదు, అది తెలుసుకొనే పోండి.

పండించేటోడి లెక్క, వండేటోడి లెక్క ఒక్కతీరుగనే ఉంది. కంచం ముందు కూర్చున్నప్పుడు మన ఇద్దరి పేరూ ఎవరికీ గుర్తుండదు. కనీసం మనకు మనమన్నా గుర్తుంచుకుందాం.