నకిలీ విమానం.. నిజమైన చరిత్ర
* సైనిక వాహనాల ప్రదర్శనల్లో స్పిట్‌ఫైర్ ప్రతిరూపాలు
* ఆనాటి దళాల పేర్లలో హైదరాబాద్, మద్రాసు

దూరం నుంచి చూస్తే అది ఏ క్షణాన్నయినా గాలిలోకి లేచేలా కనిపించే యుద్ధ విమానమే. ఆకుపచ్చ, గోధుమ రంగుల చారలు, పక్కన మూడు రంగుల వలయం, ముందు భారీ పంకా. దగ్గరకు వెళ్లి వేలితో తడితే మాత్రం లోహపు చప్పుడు వినిపించదు. లోపల ఇంజిన్ ఉండదు, ఇంధనపు ట్యాంకు ఉండదు. ఫైబర్ గ్లాస్ తొడుగు, దాన్ని మోసే ఉక్కు చట్రం, పైన రంగు.. అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ గగనతలాన్ని కాపాడిన స్పిట్‌ఫైర్‌కు ఇది ప్రతిరూపం. ఇంగ్లండ్‌లో జరిగే సైనిక వాహనాల ప్రదర్శనల్లో ట్యాంకులు, జీపులు, లారీల నడుమ సందర్శకులను ఆకట్టుకునేవి ఇలాంటి ప్రతిరూపాలే. వాటిపై రాసే రెండు అక్షరాల వెనుక తెలుగు నేలకు సంబంధించిన చరిత్ర కూడా దాగి ఉండటం విశేషం.

కెంట్‌లో వాహనాల జాతర

ఆగ్నేయ ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతం 1940 నాటి గగనతల పోరుకు ప్రధాన వేదిక. అక్కడి బెల్ట్రింగ్ గ్రామంలోని హాప్ తోటల ఆవరణలో ఏళ్ల తరబడి ‘వార్ అండ్ పీస్’ పేరిట సైనిక వాహనాల ప్రదర్శన జరిగింది. బీరు తయారీలో వాడే హాప్ పూలను ఆరబెట్టేందుకు కట్టిన శంఖాకారపు కప్పుల భవనాలు ఆ ఆవరణకు ప్రత్యేక ఆకర్షణ. 2013లో ఈ ప్రదర్శన ఫోక్‌స్టోన్ గుర్రపు పందేల మైదానానికి మారింది. ఔత్సాహికులు సొంత ఖర్చుతో బాగుచేయించుకున్న పాత సైనిక వాహనాలను తెచ్చి, ఆనాటి దుస్తులు ధరించి, గుడారాలు వేసుకుని రోజుల తరబడి అక్కడే బస చేయడం ఇలాంటి ప్రదర్శనల ఆనవాయితీ.

వాహనాలను రోడ్డు మార్గాన తీసుకురావచ్చు. విమానం సంగతి వేరు. అసలు స్పిట్‌ఫైర్ దిగాలంటే రన్‌వే కావాలి, పైలట్ కావాలి, బీమా కావాలి. ప్రతిరూపానికి ఆ చిక్కు లేదు. రెక్కలు విప్పి ట్రెయిలర్‌పై ఎక్కించి, మైదానంలో మళ్లీ బిగించవచ్చు. పిల్లలను కాక్‌పిట్‌లో కూర్చోబెట్టినా నష్టం లేదు.

అసలు విమానం ఇదీ..

స్పిట్‌ఫైర్ రూపకర్త ఆర్.జె.మిచెల్. సూపర్‌మెరైన్ సంస్థలో ప్రధాన రూపశిల్పిగా పనిచేశారు. తొలి నమూనా 1936 మార్చి 5న సౌతాంప్టన్ సమీపంలోని ఈస్ట్‌లీ నుంచి గాలిలోకి లేచింది. మరుసటి ఏడాది జూన్‌లో మిచెల్ కన్నుమూశారు. తన సృష్టి యుద్ధంలో ఎలా పోరాడిందో చూసే అవకాశం ఆయనకు దక్కలేదు.

తొలి రకం స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 36 అడుగుల 10 అంగుళాలు, పొడవు 29 అడుగుల 11 అంగుళాలు. రోల్స్ రాయిస్ తయారీ 12 సిలిండర్ల మెర్లిన్ ఇంజిన్ దీనికి ప్రాణం. రెండు రెక్కల్లో కలిపి ఎనిమిది మెషిన్ గన్‌లు అమర్చారు. మొత్తం 20 వేలకు పైగా తయారయ్యాయి. నేడు ఎగరగలిగే స్థితిలో ఉన్నవి కొన్ని పదులు మాత్రమే. ఒక్కొక్కటి కోట్ల రూపాయల విలువ చేస్తుంది. ప్రతిరూపాలకు గిరాకీ పెరగడానికి ప్రధాన కారణం ఇదే.

ఎలా తయారుచేస్తారు?

అసలు విమానం ఆకృతి నుంచి అచ్చులు తీసి, వాటిలో ఫైబర్ గ్లాస్ పొరలను రెసిన్‌తో అతికి తొడుగు తయారుచేస్తారు. లోపల ఉక్కు చట్రం బిగిస్తారు. రేకుల అతుకులు, రివెట్ల వరుసలు కూడా అచ్చులోనే వచ్చేస్తాయి. కొందరు పంకా తిప్పేందుకు విద్యుత్ మోటారు అమరుస్తారు, మెర్లిన్ ఇంజిన్ హోరును రికార్డు చేసి వినిపిస్తారు. రెక్కల అంచున గన్‌ల రంధ్రాల వద్ద ఎర్రని చతురస్రాలు కనిపిస్తే అవి అలంకారం కావు. తేమ, దుమ్ము లోపలికి చేరకుండా ఆనాడు గన్‌ల మూతులకు ఎర్రటి గుడ్డముక్కలు అతికించేవారు. కాల్పులు మొదలైతే అవి చిరిగిపోయేవి. తిరిగి వచ్చిన విమానం పోరాడిందో లేదో నేలపై ఉన్న సిబ్బంది వాటిని చూసే గుర్తుపట్టేవారు.

ప్రతిరూపాల చరిత్ర యుద్ధకాలం నాటిదే కావడం గమనార్హం. శత్రువును మోసగించేందుకు బ్రిటన్ నకిలీ విమానాశ్రయాలు ఏర్పాటు చేసి, కర్ర, కాన్వాస్‌లతో చేసిన బొమ్మ విమానాలను వరుసగా నిలబెట్టింది. కర్నల్ జాన్ టర్నర్ ఆధ్వర్యంలో సాగిన ఈ పనిలో షెప్పర్టన్‌లోని సినిమా స్టూడియో నిపుణులూ పాలుపంచుకున్నారు. అసలు విమానాల మీద పడాల్సిన బాంబులు బొమ్మల మీద పడాలన్నదే లక్ష్యం. అనంతరం 1969లో విడుదలైన ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ చిత్రం కోసం నిలువెత్తు ప్రతిరూపాలు తయారయ్యాయి. వాటిలో కొన్ని కెంట్‌లోని హాకింజ్ మ్యూజియానికి చేరాయి.

వైమానిక స్థావరాల ముఖద్వారాల వద్ద దశాబ్దాలుగా ఎండకు, వానకు నిలిచి తుప్పుపట్టిన అసలు స్పిట్‌ఫైర్‌లను 1980ల చివర తొలగించి, వాటి స్థానంలో ఫైబర్ గ్లాస్ ప్రతిరూపాలను నిలబెట్టడం మొదలైంది. అలా బయటపడిన అసలు విమానాల్లో కొన్ని మరమ్మతుల అనంతరం మళ్లీ ఎగిరాయి. నకిలీ కాపలా కాయడంతో అసలుకు ఊపిరి వచ్చిందన్నమాట.

ఆ రెండు అక్షరాలు..

ప్రతిరూపానికి ఏ దళపు అక్షరాలు వేయాలన్నది యజమాని ఇష్టం. విమానం పక్కభాగంలో వలయానికి ఒకవైపు ఉండే రెండు అక్షరాలు స్క్వాడ్రన్‌ను, మరోవైపు ఉండే ఒక అక్షరం ఆ విమానాన్ని సూచిస్తాయి. 1940 నాటి ‘యూఎం’ అక్షరాలు కనిపిస్తే అది 152వ స్క్వాడ్రన్. దాని పూర్తిపేరు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. ‘ఎస్‌డబ్ల్యూ’ అయితే హరికేన్ విమానాలు నడిపిన 253 (హైదరాబాద్ స్టేట్) స్క్వాడ్రన్. స్పిట్‌ఫైర్‌పై ‘ఏజడ్’ ఉంటే 234 (మద్రాసు ప్రెసిడెన్సీ) స్క్వాడ్రన్. డిఫయంట్ విమానాలు నడిపిన 264వ స్క్వాడ్రన్‌కూ మద్రాసు ప్రెసిడెన్సీ పేరే పెట్టారు. నాటి ప్రెసిడెన్సీలో కోస్తా, రాయలసీమ జిల్లాలు అంతర్భాగమన్నది తెలిసిందే. యుద్ధ విరాళాలకు గుర్తింపుగా దాతల ప్రాంతాల పేర్లను స్క్వాడ్రన్లకు పెట్టడం ఆనాటి పద్ధతి.

152వ స్క్వాడ్రన్ 1939 అక్టోబరులో ఏర్పడింది. 1940 జులైలో డోర్సెట్‌లోని వామ్‌వెల్ స్థావరానికి చేరి, పోర్ట్‌లాండ్ నౌకా స్థావరం పరిసరాల్లో పోరాడింది. దాని చిహ్నంపై ఉన్నది నిజాం తలపాగా. ‘నమ్మకమైన మిత్రుడు’ అన్నది దాని నినాదం. నిజాంకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన బిరుదే ఇక్కడ నినాదమైంది. ఇదే స్క్వాడ్రన్ 1943 చివర భారతదేశానికి తరలివచ్చి బర్మా రంగంలో జపాన్ సేనలపై పోరాడింది. అక్కడి దాని స్పిట్‌ఫైర్‌లపై దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది.

నిజాం విమానాల దానం అంతకుముందే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ డీహెచ్-9ఏ రకం బాంబర్లు ఇచ్చారు. వాటిలో ఎఫ్1010 సంఖ్య గల విమానం 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకు ఉంచిన ఆ విమానం తరువాత పోలండ్‌లోని క్రాకోవ్ చేరింది. 1977లో లండన్ ఆర్ఏఎఫ్ మ్యూజియం దాన్ని తిరిగి తెచ్చుకుంది. బదులుగా పోలండ్‌కు ఇచ్చింది ఒక అసలు స్పిట్‌ఫైర్‌ను!

ఎవరి సొమ్ము.. ఎవరి పేరు?

ఈ పేర్ల వెనుక మరో కోణమూ ఉంది. సంస్థానపు సంపదకు మూలం రైతు కట్టిన శిస్తు. తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరీ రాజ్యమేలుతున్న రోజులవి. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది 1946లోనే అక్కడ సాయుధ పోరాటం రాజుకుంది. స్క్వాడ్రన్ పేరులో సంస్థానం నిలిచింది, చిహ్నంలో పాలకుడి తలపాగా నిలిచింది. శిస్తు కట్టినవారి ఊసు ఎక్కడా లేదు. కోస్తాకూ యుద్ధం దూరం కాలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి.

1940 పోరులో బ్రిటన్ పక్షాన ఎగిరిన వైమానికులు దాదాపు 3 వేల మంది. వారిలో 500 మందికి పైగా ఆ పోరులోనే అసువులు బాశారు. ఫోక్‌స్టోన్ సమీపంలోని క్యాపెల్ లె ఫెర్న్ స్మారక స్థలంలో వారి పేర్లు గోడపై చెక్కారు. అక్కడ నిలిచిన స్పిట్‌ఫైర్, హరికేన్ కూడా ప్రతిరూపాలే.

ఫైబర్ గ్లాస్ బొమ్మకు సొంత చరిత్ర ఉండదు. రాసిన అక్షరాలే దాని చరిత్ర. ఆ అక్షరాలను చదవగలిగినవారికే అందులో హైదరాబాద్ కనిపిస్తుంది, మద్రాసు కనిపిస్తుంది. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు, చదువులకు వెళ్లిన విద్యార్థులు ఇలాంటి ప్రదర్శనలకు వెళ్లినపుడు విమానం పక్కన ఫొటో దిగేముందు ఆ రెండు అక్షరాలను ఒకసారి గమనించడం మంచిది.

గుర్తుంచుకోవాల్సినవి
* యూఎం: 152 (హైదరాబాద్) - స్పిట్‌ఫైర్
* ఎస్‌డబ్ల్యూ: 253 (హైదరాబాద్ స్టేట్) - హరికేన్
* ఏజడ్: 234 (మద్రాసు ప్రెసిడెన్సీ) - స్పిట్‌ఫైర్
* పీఎస్: 264 (మద్రాసు ప్రెసిడెన్సీ) - డిఫయంట్
* బ్రిటన్ గగనతల పోరు కాలం: 1940 జులై 10 నుంచి అక్టోబరు 31 వరకు