విరేచనాల మాత్రలో నల్లమందు వారసత్వం

విరేచనాలను కట్టడానికి నల్లమందును మించిన ద్రవ్యం పూర్వవైద్యులకు అంతగా తెలియదు. ఆయుర్వేదంలోని కర్పూర రసంలో అది ఉన్నది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో థామస్ సిడెన్‌హామ్ ప్రచారంలోకి తెచ్చిన లాడనం అనే ద్రావకంలోనూ అదే ప్రధానం. ప్రేగుల నాడీకణాల మీద, మెదడు కణాల మీద ఉండే ఓపియాయిడ్ గ్రాహకాలు ఒకే జాతికి చెందినవి కావడం చేత, ప్రేగు కదలికను మందగింపజేసే మందే మనిషిని మత్తులోనూ ముంచుతుంది. మూడునాళ్ల విరేచనాలకు ఇది పెద్ద సమస్య కాదు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (ఐబీఎస్) వంటి, ఏళ్ల తరబడి వదలని బాధకు మాత్రం ఇదే అసలు చిక్కు.

ఈ రెండు గుణాలనూ విడదీసే ప్రయత్నంలో బెల్జియం శాస్త్రవేత్త పాల్ జాన్సెన్ పేరు ముందుగా చెప్పుకోవాలి. ఆయన ప్రయోగశాలలో 1956లో డైఫెనాక్సిలేట్ పుట్టింది. అయితే మోతాదు పెరిగితే అది మెదడును చేరుతుంది. అందువల్ల 2.5 మిల్లీగ్రాముల మాత్రలో 0.025 మిల్లీగ్రాముల అట్రోపిన్ కలిపి, లోమోటిల్ అనే పేరుతో విక్రయించారు. గుప్పెడు మాత్రలు మింగినవాడికి నోరు పిడచకట్టుకుపోవాలి, గుండె దడదడలాడాలి, చూపు మసకబారాలి. మళ్లీ ఆ జోలికి పోకూడదు. ఉపాయం తెలివైనదే. కాని తెలియక మాత్రలు మింగిన పసిపిల్లలకు మాత్రం ఒక విషానికి మరొకటి తోడైనట్లయింది.

1969లో అదే ప్రయోగశాల రూపొందించిన లోపెరమైడ్‌కు ఇటువంటి కాపలా అవసరం లేదనుకున్నారు. మెదడు రక్తనాళాల గోడలో పీ-గ్లైకోప్రొటీన్ అనే ఒక పంపు ఉంటుంది. లోపలికి వచ్చిన లోపెరమైడ్‌ను అది వెంటనే వెనక్కి నెట్టివేస్తుంది. అమెరికాలో 1976లో అనుమతి పొందిన ఈ మందును మరుసటి ఏడాది నియంత్రిత ఔషధాల పట్టికలో చివరిదైన అయిదవ తరగతిలో చేర్చారు. 1982లో ఆ పట్టిక నుండే తొలగించారు. 1988 నుండి చీటీ లేకుండానే అమ్మారు.

పంపు ఉన్నంత మాత్రాన ద్వారం శాశ్వతంగా మూతపడినట్లు కాదు. 2000లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరోగ్యవంతులకు 16 మిల్లీగ్రాముల లోపెరమైడ్‌తో పాటు, ఆ పంపును అడ్డుకొనే క్వినిడిన్ ఇచ్చి చూశారు. శ్వాసను నడిపించే మెదడు కేంద్రం మందగించింది. అమెరికాలో ఓపియాయిడ్ వ్యసనం ముదిరిన కాలంలో, ఇతర మందులు దొరకనివారు మానివేత బాధలను తట్టుకొనేందుకు రోజుకు వంద మిల్లీగ్రాములకు మించి మింగసాగారు. పేదల మెథడోన్ అని దీనికి పేరు వచ్చింది. వీరిలో చాలామంది కోరినది సుఖం కాదు, ఉపశమనం. ఈ సంగతిని మనం తరచు మరచిపోతాం.

దెబ్బ మాత్రం మెదడుకన్నా గుండెకు ఎక్కువగా తగిలింది. అంతటి మోతాదులో లోపెరమైడ్ గుండె కణాల పొటాషియం, సోడియం మార్గాలను అడ్డుకొని లయను చెదరగొడుతుంది. 1976 నుండి 2015 వరకు తీవ్రమైన గుండె సమస్యలు 48 తమ దృష్టికి వచ్చాయనీ, వాటిలో 10 మరణాలున్నాయనీ, సగానికి పైగా 2010 తరువాత నమోదైనవేననీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ప్రకటించింది. 2019లో చీటీ లేకుండా అమ్మే మాత్రల పెట్టెను 48 మిల్లీగ్రాములకు పరిమితం చేసింది. వైద్యుని సలహాపై రోజుకు ఒకటి రెండు మాత్రలు వాడే ఐబీఎస్ రోగి ఈ అంకెలు చూసి బెదరనవసరం లేదు. చీటీతో వాడేవారికి సైతం గరిష్ఠ పరిమితి రోజుకు 16 మిల్లీగ్రాములే.

అయితే లోపెరమైడ్ విరేచనాలను తగ్గించినంతగా కడుపునొప్పిని తగ్గించదు. అందుకని బలమైన ఓపియాయిడ్లను ఆశ్రయిస్తే, వాటి దీర్ఘకాల వాడకమే నొప్పిని పెంచవచ్చు. ఆ స్థితిని 1984లోనే నార్కోటిక్ బవెల్ సిండ్రోమ్ అని వర్ణించారు. విరేచనాలు ప్రధానమైన ఐబీఎస్ కోసం 2015లో అనుమతి పొందిన ఎలక్సాడొలిన్ ఈ రెండు బాధలనూ ఉద్దేశించినది. దానిని అమెరికా మొదటినుంచే నియంత్రిత పట్టికలోని నాలుగవ తరగతిలో చేర్చింది. కాని రెండేళ్లలో వచ్చిన హెచ్చరిక వ్యసనం గురించి కాదు: పిత్తాశయం తీసివేసినవారిలో అది ప్రమాదకరమైన క్లోమశోథకు దారితీస్తున్నదనీ, వారికి ఇవ్వరాదనీ ఎఫ్‌డీఏ 2017లో తెలిపింది.