దండు నుంచి ట్రూపు దాకా: తెలుగు ఉన్నత పాఠశాలల్లో సైనికశైలి నాయకత్వ శిక్షణ - చరిత్ర, పరిభాష

ఉన్నత పాఠశాల విద్యార్థికి సైనిక పద్ధతిలో నాయకత్వం నేర్పాలన్న ఆలోచన తెలుగునాట ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానం 1948 నాటి నేషనల్ కేడెట్ కోర్ చట్టం. పరిపాలనా చరిత్రకు ఆ సమాధానం సరిపోతుంది. భాషాచరిత్రకు, సాంఘిక చరిత్రకు సరిపోదు. ఆ చట్టానికి పాతికేళ్ళకు పైగా ముందే తెలుగు జిల్లాల్లో యువకులు వరుసకట్టి నడవడం నేర్చారు. వారి దళానికి తెలుగు పేరుంది, వారి వేషానికి తెలుగు పురాణం నుంచి తెచ్చుకున్న అర్థం ఉంది. 1948 తరువాత వచ్చిన శిక్షణలో ఆ పేరూ ఆ అర్థమూ ఎందుకు నిలవలేదన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. పరిశీలనకు ఉత్తరాంధ్రను, అందులోనూ శారదా నదీ తీరంలో, రైవాడ జలాశయానికి దాపున ఉన్న దేవరాపల్లి వంటి మండల కేంద్రాన్ని దృష్టిలో ఉంచుకోవడానికి కారణం ఉంది. కొండవాలుకూ మైదానానికీ మధ్యనున్న ఇటువంటి ఊళ్ళ విద్యార్థికి ఈ శిక్షణ ఏ భాషలో, ఏ దారిన అందుతుందో చూస్తే చరిత్ర మిగిల్చిన లెక్కలు తెలుస్తాయి.

పదాల్లో మిగిలిన సైన్యం

తెలుగులో సైనిక పదజాలం పొరలు పొరలుగా ఏర్పడింది. ‘దండు’ పాత పొర. ‘కవాతు’ ఉర్దూ ‘కవాయద్’ నుంచి వచ్చింది. ‘పటాలం’ ఐరోపా ‘బెటాలియన్’కు తెలుగు నోట కలిగిన రూపం. ‘సిపాయి’, ‘జవాను’, ‘హవల్దారు’, ‘సుబేదారు’ ముస్లిం రాజ్యాల కాలం నుంచి కంపెనీ కాలం దాకా సాగిన వాడుక. వీటన్నిటిలో ఈ వ్యాసానికి ముఖ్యమైనది ‘నాయకుడు’. కాకతీయ, విజయనగర కాలాల్లో నాయంకర పద్ధతి కింద భూమిని అనుభవిస్తూ రాజుకు సేన నిలిపినవాడు నాయకుడు. నేటి భారత సైన్యంలో ‘నాయక్’ సిపాయికి రెండు మెట్ల పైనున్న చిన్న హోదా. ‘నాయకత్వ శిక్షణ’ అన్న నేటి పాఠశాల పదబంధంలో ఈ రెండు అర్థాలూ లేవు. అక్కడ నాయకత్వమంటే వ్యక్తిగుణం. ఒకప్పుడు భూమితో ముడిపడిన పదవి గుణంగా మారడం చిన్న మార్పు కాదు. ఈ మార్పును ఆధునిక వచనంలో విడిగా అధ్యయనం చేయవలసి ఉంది.

ఇక్కడే మరో పదాన్ని తలచుకోవాలి. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగు ప్రాంతపు సిపాయిలు పెద్దసంఖ్యలో ఉండేవారు. క్లైవు వెంట బెంగాలుకు వెళ్ళిన దళాల్లో వారున్నారు. ఆ పరిచయంతో ఉత్తరాదిన ‘తిలంగా’ అన్న మాట కంపెనీ సిపాయికే పేరైపోయింది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ రచనల్లో తిరుగుబాటు సిపాయిలు తెలుగువారు కాకపోయినా తిలంగాలే. ఒక జాతి పేరు పరాయి భాషలో వృత్తి పేరుగా స్థిరపడిన సందర్భమిది. విశాఖపట్నంలోనే 1780 అక్టోబరు 3న మద్రాసు సిపాయిలు ఓడ ఎక్కడానికి నిరాకరించి అధికారులపై తిరగబడ్డారు. ఆజ్ఞకు లోబడడమే సైనిక గుణమని చెప్పే పాఠంలో ఈ ఘటనకు చోటు దొరకదు గాని, ఈ ప్రాంత సైనిక చరిత్రలో దానికి మొదటి వరుసలో స్థానముంది.

రామదండు, కాకినాడ

1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నును నిరాకరించి ఊరు విడిచి రామనగరంలో నివసించినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య తీర్చిదిద్దిన స్వచ్ఛంద దళం రామదండు. అదే సంవత్సరం బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశాల్లో జనసమ్మర్దాన్ని అదుపులో ఉంచినది కూడా ఆ దళమే. కాషాయ వస్త్రాలు, రుద్రాక్షలు, నుదుట బొట్టు వారి వేషం. బ్రిటిష్ సైన్యపు ఖాకీకి ఎదురుగా నిలిచిన వేషమిది. పేరులోని ‘దండు’ సైన్యాన్ని సూచిస్తుంది. ‘రామ’ శబ్దం ఆ సైన్యాన్ని వానరసేన స్మృతికి తీసుకువెళుతుంది. జీతం లేని, ఆయుధం లేని, నాయకుని మీది భక్తితో కదిలే సేన అన్న భావాన్ని పామరుడికి ఒక్క మాటలో అందించిన నామకరణమది. ఎడింబరోలో చదువుకున్న గోపాలకృష్ణయ్యకు పాశ్చాత్య వాలంటీరు దళాల పద్ధతి తెలియనిది కాదు. తెలిసి ఉండీ తోలుబొమ్మలాట, హరికథ పెంచిన జనస్మృతినే ఆయన ఆశ్రయించడం గమనించదగ్గది.

రెండేళ్ళకు, 1923 డిసెంబరులో, కాకినాడ కాంగ్రెసు సభల వేళ ఈ ప్రశ్న అఖిల భారత స్థాయిలో తలెత్తింది. కర్ణాటకకు చెందిన ఎన్.ఎస్. హర్డీకర్ శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకుల దళాన్ని ప్రతిపాదించారు. హిందుస్తానీ సేవాదళ్‌కు పునాది పడింది అక్కడే. ఈ ప్రయత్నానికి అండగా నిలిచిన జవహర్‌లాల్ నెహ్రూ తన ఆత్మకథలో ఒక విషయం రాశారు. కాంగ్రెసు పెద్దలలోనే దీనికి ఊహించని వ్యతిరేకత వచ్చింది. సైనిక లక్షణాన్ని కాంగ్రెసులోకి తేవడం ప్రమాదకరమని కొందరన్నారు. పైవారి మాట వింటే చాలు, అడుగులు కలిపి నడవవలసిన పని ఏముందని మరికొందరన్నారు. కవాతుకూ అహింసకూ పొత్తు కుదరదన్న శంక కొందరి మనసులో ఉందని నెహ్రూ గ్రహించారు. శతాబ్దం గడిచినా పాఠశాలలో సైనికశైలి శిక్షణ గురించి జరిగే వాదం ఈ మూడు అభ్యంతరాలను దాటి పెద్దగా ముందుకు పోలేదు.

ఆ సభల్లోనే మరో ఘటన జరిగింది. ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచిన 14 ఏళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదన్న కారణంతో నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చాకే ఆయన ప్రవేశించారు. తరువాతి కాలంలో రాజ్యాంగసభ సభ్యురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితచరిత్రల్లో ఇది ముచ్చటగా వచ్చే కథ. శిక్షణ చరిత్రలో దీని అర్థం మరింత లోతైనది. ఉన్నత పాఠశాల వయసున్న బాలిక తనకు అప్పగించిన నియమాన్ని నాయకుని హోదాకన్నా పైన నిలిపింది. ఆజ్ఞాపాలనం వేరు, నియమపాలనం వేరు. సైనిక శిక్షణ రెంటినీ ఒకే పేరుతో, ‘క్రమశిక్షణ’గా నేర్పుతుంది. రెండూ ఎదురుపడిన చోట ఏది గెలవాలో కాకినాడ ద్వారం దగ్గర బాలిక చూపింది. విశాఖ సిపాయిలు వేరొక తీరులో, వేరొక మూల్యానికి చూపారు.

చట్టం, ఖాకీ

స్వాతంత్ర్యానికి ముందు విద్యాసంస్థల్లో సైనిక శిక్షణ ఎక్కువగా విశ్వవిద్యాలయాల్లోనే ఉండేది. 1917 నాటి యూనివర్సిటీ కోర్, 1920 తరువాత యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్‌గా మారింది. పాఠశాల పిల్లలకు దొరికింది స్కౌటు ఉద్యమం. 1916లో అనీబిసెంట్ మద్రాసులో నెలకొల్పిన ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ దానికి దేశీయ రూపమివ్వడానికి ప్రయత్నించింది. 1946లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసుల మీద 1948లో చట్టం వచ్చి, జులై 15న నేషనల్ కేడెట్ కోర్ పుట్టింది. కళాశాలలకు సీనియర్ డివిజన్, పాఠశాలలకు జూనియర్ డివిజన్ ఏర్పడ్డాయి. మరుసటి సంవత్సరం బాలికల విభాగం చేరింది. చైనా యుద్ధం తరువాత 1963లో కళాశాల బాలురకు ఇది నిర్బంధమై, 1968లో మళ్ళీ ఐచ్ఛికమైంది. పాఠశాలల్లో స్వచ్ఛందంగానే సాగింది. పాఠశాల స్థాయిలో మరికొన్ని పథకాలూ వచ్చాయి. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో పనిచేసిన జనరల్ జె.కె. భోంస్లే 1954లో మొదలుపెట్టిన జాతీయ క్రమశిక్షణ పథకం అందులో ఒకటి. 1965లో నేషనల్ ఫిట్‌నెస్ కోర్ పేరిట వాటిని కలిపారు. అవి నిలవలేదు, ఎన్.సి.సి. నిలిచింది.

నిలవడానికి కారణం దాని నిర్మాణంలో ఉంది. ట్రూపును నడిపేది ఆ బడి ఉపాధ్యాయుడే. శిక్షణ పొంది హోదా ధరించిన ఆ ఉపాధ్యాయుడికి తోడుగా సైన్యం నుంచి బోధకులు వస్తారు. రెండేళ్ళు కవాతు, పటపఠనం, .22 రైఫిలు వినియోగం, ప్రథమ చికిత్స నేర్చి, శిబిరంలో గడిపి, పరీక్ష ఉత్తీర్ణులైతే ‘ఎ’ సర్టిఫికెట్టు వస్తుంది. కవాతు ముగిశాక ఇచ్చే ఉపాహారానికీ ఈ చరిత్రలో చోటివ్వాలి. గురజాడ తన దేశభక్తి గేయంలో తిండికీ కండకూ కలిపిన సంబంధాన్ని ప్రభుత్వ పాఠశాల మైదానంలో గుర్తించనివారుండరు. ఆ పూట పెట్టే అల్పాహారం, ఒంటిమీది దుస్తులు, కాలికి బూట్లు పేద విద్యార్థిని వరుసలోకి తెచ్చిన కారణాలే. దేశభక్తి ఆ తరువాత మొదలైనా దాని విలువ తగ్గదు.

ఉత్తరాంధ్రకు సంబంధించినంతవరకు 1962 జనవరి 18 ప్రత్యేకమైన తేదీ. రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్ ఆలోచనతో 1961లో దేశంలో మొదలైన సైనిక్ స్కూళ్ళ వరుసలో ఆనాడు కోరుకొండ సైనిక్ స్కూలు ప్రారంభమైంది. దానికి విజయనగరం రాజా పి.వి.జి. రాజు తమ రాజభవనాన్ని ఇచ్చారు. విజయనగరం అప్పటికి విశాఖపట్నం జిల్లాలోనిది. దేవరాపల్లి కూడా ఆ జిల్లాదే. ప్రత్యేక విజయనగరం జిల్లా 1979లో, అనకాపల్లి జిల్లా 2022లో ఏర్పడ్డాయి. విజయనగర సంస్థానానికి వ్యాయామ సంప్రదాయం కొత్తది కాదు. కోడి రామ్మూర్తి నాయుడు కసరత్తు చేసిన ఊరది. సాము గరిడీలు నేర్పిన తాలింఖానాల వాతావరణం నుంచి ఖడక్‌వాస్లా జాతీయ రక్షణ అకాడమీకి పిల్లలను సిద్ధం చేసే బడికి భౌగోళికంగా దూరం లేదు. భాషలో మాత్రం దూరం చాలా ఉంది. తాలింఖానాలో గురువు ఆజ్ఞ తెలుగులో ఉండేది. సైనిక్ స్కూల్లో బోధన ఇంగ్లీషులో సాగుతుంది.

ఆజ్ఞ ఏ భాషలో?

ఎన్.సి.సి. కవాతులో ఆజ్ఞలు హిందీవి: సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. కేడెట్ల హోదాలు ఇంగ్లీషువి: లాన్స్ కార్పొరల్, కార్పొరల్, సార్జెంట్. అడుగు తప్పినవాడికి ఉపాధ్యాయుడు వివరించేది తెలుగులో. మూడు భాషలు మూడు పనులు పంచుకున్నాయి. ఆజ్ఞకు హిందీ, హోదాకు ఇంగ్లీషు, తప్పు దిద్దడానికి తెలుగు. ప్రతి ఆజ్ఞలోనూ హెచ్చరించే భాగం, ఆచరింపజేసే భాగం ఉంటాయి. మొదటిది సాగదీసి, రెండవది తుంచినట్లు పలకాలి. అజంతమైన తెలుగు పదాలు ఈ తుంపుకు అనువుగా ఉండవన్న వాదానికి ధ్వనిశాస్త్రపరంగా కొంత బలముంది. అయితే ‘ఆగు’, ‘నిలు’, ‘తిరుగు’ వంటి ధాతువులతో ఎడ్లను, గానుగను, పడవను నడిపిన భాషకు ఆజ్ఞాశక్తి లేదనడం నిలవదు. అఖిల భారత సైన్యానికి ఒకే ఆజ్ఞాభాష అవసరమన్నది అసలు కారణం. అది సమంజసమైన కారణం. పాఠశాల శిక్షణ ఉద్దేశం సైన్యంలో చేర్చడం కాదు, నాయకత్వం పెంపొందించడమని చెప్పినప్పుడు మాత్రం ఆ కారణం బలం సగం తగ్గుతుంది. ‘తిలంగా’ను సిపాయికి పర్యాయపదం చేసుకున్న భాష నుంచి నేటి తెలుగు బాలుడు ‘సావధాన్’ అందుకుంటున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఇది వింత కాదు. వింత ఏమంటే ఇచ్చిన మాట మనకు గుర్తులేదు.

దేవరాపల్లి విద్యార్థి ముందు ఇప్పుడున్న దారులు రెండు. సైనిక్ స్కూళ్ళ అఖిల భారత ప్రవేశ పరీక్షను 6వ తరగతికి తెలుగులో రాయవచ్చు, 9వ తరగతికి ఇంగ్లీషులోనే రాయాలి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడికి పదేళ్ళ వయసులో తెరిచి ఉన్న తలుపు పదమూడేళ్ళకు మూతపడుతుందని దీని అర్థం. ఆ పరీక్షకు పదేళ్ళ వయసులో సిద్ధం కావడానికి ఇంట్లో ఎవరో ఒకరికి దాని సంగతి ముందే తెలిసి ఉండాలి. 2021-22 నుంచి ఈ బడులన్నీ బాలికలను చేర్చుకోవడంతో ఈ ప్రశ్న ఇప్పుడు ఇంటిలోని ఆడపిల్లకూ వర్తిస్తుంది. రెండవ దారి బడిలో ట్రూపు. ట్రూపు ప్రభుత్వ ఖర్చుతో మంజూరు కావాలి, శిక్షణకు వెళ్ళడానికి ఉపాధ్యాయుడు ముందుకు రావాలి. పూర్తి స్వయంపోషక పథకం కింద ఖర్చు తామే భరించగల ప్రైవేటు పాఠశాలకు మరో మార్గముంది. జిల్లా పరిషత్ పాఠశాలకు ఆ మార్గం పేరుకే ఉంటుంది.

ఈ ప్రాంతంలో యూనిఫారానికి ఉన్న స్మృతి కూడా ఒకే రకమైనది కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం దాడిచేసిన పోలీసు ఠాణాల్లో ఒకటైన కృష్ణదేవిపేట ఇప్పటి అనకాపల్లి జిల్లాలోనిదే. ఆ పోరాటాన్ని అణచడానికి వచ్చిన మలబారు స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్సు దళాలు కొండ ప్రజలకు తెలిసిన కవాతు దృశ్యాలు. అదే మన్యం అంచున నేటి బడిపిల్లలు ఖాకీ ధరించి స్వాతంత్ర్య దినాన సీతారామరాజు చిత్రపటానికి వందనం చేస్తారు. ఆ వందనానికి ముందు వినిపించే ఆజ్ఞ ‘సావధాన్’. విల్లు పట్టిన ఆ చిత్రపటం కింద రాసి ఉండే ‘మన్యం వీరుడు’ అన్న బిరుదు తెలుగుది.