అతుకుల బొంత

పొద్దున్నే పేపరు తిరగేస్తుంటే ఎక్కడో ఒకచోట ఈ మాట కంటబడుతుంది. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే అది 'అతుకుల బొంత'. రెండు మూడు కథలు కలిపి సినిమా తీస్తే అదీ 'అతుకుల బొంతే'. ఒకసారి నా నవలకే ఆ మాట తగిలించారొక విమర్శకులు. ఆరోజు కోపం వచ్చింది గానీ, తర్వాత తలుచుకుంటే నవ్వొచ్చింది. పాపం, ఆయన ఎన్నడూ బొంత కుట్టి ఉండరు! కుట్టినవాళ్ళకి తెలుసు, ఇంట్లో బట్టలన్నిటికన్నా ఎక్కువ కాలం మన్నేది ఆ అతుకుల బొంతేనని.

ఆ మాటకొస్తే మా నంద్యాల జిల్లా మాత్రం అతుకుల బొంత కాదూ? నల్లమల, ఎర్రమల కొండల మధ్య పరుచుకున్న నేల ఇది. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ధారపోసిన దత్తమండలాల ముక్క కొంత. 1839లో కంపెనీవాళ్ళు కలుపుకున్న కర్నూలు నవాబు సీమ కొంత. 1948లో మద్రాసు రాష్ట్రంలో చేరిన బనగానపల్లె సంస్థానం కొంత. 'దత్తమండలం' అన్న ఆ అనాథ పేరు తీసేసి 'రాయలసీమ' అని పిలుచుకుందామని చిలుకూరి నారాయణరావుగారు ప్రతిపాదించింది కూడా ఈ నంద్యాలలోనే, 1928 నవంబరులో జరిగిన ఆంధ్ర మహాసభలో. ఇక నంద్యాల సొంతంగా జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో.

ఈ అతుకులకు పుస్తకాలున్నాయి, తేదీలున్నాయి. మా అవ్వ వేసిన అతుకులకే ఏ తేదీలూ లేవు. వాటి సంగతి చెప్పాలనే ఈ నాలుగు మాటలూ.

మా అవ్వది ఆళ్ళగడ్డ. ఎండాకాలం సెలవులకు వెళ్ళేసరికి వసారాలో బొంత పరిచి ఉండేది. కింద ఒక పాత పంచె, దానిమీద నాలుగైదు పాత నూలుచీరలు, పైన కాస్త రంగు మిగిలిన ముక్కలు. గుడ్డ జరగకుండా నాలుగు మూలలా రోలు పొత్రమో, సన్నికల్లో, చేతికందిన రాయో పెట్టేవారు. అంచునుంచి కుట్టుకుంటూ లోపలికి వచ్చేవారు. భోజనాలయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలొక వైపు కూర్చునేవారు. ఒకరి కూతురి పెళ్ళి కబుర్లు, ఇంకొకరి అత్తగారి ఆరళ్ళు, అన్నీ ఆ కుట్లలోనే పడిపోయేవి. కూలి లేదు, లెక్క లేదు. ఇవాళ మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో, అంతే.

అవ్వ కుట్టిన బొంత ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. నీలం మీద తెల్ల చుక్కల ముక్క మా అమ్మ పెళ్ళయ్యాక తొలి దీపావళికి కట్టిన చీర. బూడిదరంగు గళ్ళది మా అబ్బ లుంగీ. మామిడిపండు రంగు మా పెద్దమ్మది. మధ్యలో జానెడు ఎర్ర ముక్క ఒకటుంది. అది అవ్వ ఆడబిడ్డ చీర. తొలికాన్పులోనే పోయిందట ఆవిడ. ఫొటో లేదు. ఏ కాగితం మీదా పేరున్నట్టు ఎవరూ చెప్పలేదు. ఆమె ఈ భూమ్మీద బతికిందనడానికి మా ఇంట్లో ఆ జానెడు గుడ్డ తప్ప మరో ఆధారం లేదు. దీన్ని చరిత్ర అనక ఏమనాలో మీరే చెప్పండి.

కాస్త స్తోమత ఉన్నవాళ్ళు గుడ్డల మధ్య దూది పెట్టించుకునేవారు. పత్తికి మాకేం కొదవ? నల్లరేగడి నేల. ఈ ప్రాంతపు పత్తికి వ్యాపారస్తులు 'నార్తరన్స్' అని ప్రత్యేకంగా పేరే పెట్టుకున్నారు. నంద్యాలలో 1906లోనే వ్యవసాయ పరిశోధనా స్థానం వెలిసింది. 'నరసింహ' అనే పత్తి రకం అక్కడిదే. ఆ దూదిని పక్కకు అనువుగా చేసి ఇచ్చేవారు దూదేకులవారు. భుజాన పొడుగాటి విల్లు, చేతిలో కొయ్యగుండు. విల్లు తంతి మీద గుండుతో కొడుతుంటే 'టుంయ్, టుంయ్' మంటూ వీధంతా మోగేది. గడ్డకట్టిన దూది కాస్తా మబ్బుతునకల్లా లేచేది. ఇంట్లో తెలుగు, ప్రార్థనకు మసీదు, వృత్తి దూది. వాళ్ళ గురించి థర్‌స్టన్ దొరగారు 1909లో అచ్చువేసిన కులాల గ్రంథంలో కూడా రాశారు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులు కాశారని చెప్పుకునే పోతులూరి వీరబ్రహ్మంగారికి ప్రియశిష్యుడైన సిద్ధయ్య దూదేకులవాడే కదా!

'ఏకై వచ్చి మేకై కూర్చుంది' అంటాం. చాలామంది మేకను తలుచుకుంటారు గానీ అది మేకు, ఇనపమేకు. ఏకు అంటే ఏకిన దూదిపోచ. అంత మెత్తగా వచ్చి ఇంత గట్టిగా దిగబడిందని అర్థం. మాట మిగిలింది గానీ వీధిలో ఆ విల్లు మోత మాత్రం ఆగిపోయింది.

బొంత మనకొక్కరికే సొంతమనుకోకండి. మగధలోని వరిమళ్ళు చూపించి, భిక్షువుల చీవరం ఆ గట్ల తీరున ముక్కలు కలిపి కుట్టమని బుద్ధుడు ఆనందుడికి చెప్పాడని బౌద్ధగ్రంథాలు అంటాయి. మన పొరుగున ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికానుంచి వచ్చినవారి సంతతి సిద్దీ స్త్రీలు 'కవండి' కుడతారు. నాలుగు మూలలా 'ఫూల' అని మడత గుడ్డలు పెట్టందే వాళ్ళకి అది పూర్తయినట్టు కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసల సంతతివారైన నల్లజాతి స్త్రీలు చలికి ఆగలేక పాత పనిబట్టలతో బొంతలు కుట్టుకునేవారు. మిస్సోరి పెట్వే అనే ఆవిడ భర్త పోయాక, 1942లో ఆయన పొలంపని బట్టలన్నీ కలిపి ఒక బొంత కుట్టుకుంది, ఆయన జ్ఞాపకాన్ని కప్పుకుని పడుకోవడానికి. 1966లో ఆ చుట్టుపక్కల స్త్రీలు సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో వాళ్ళ బొంతలు హ్యూస్టన్ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో తపాలా బిళ్ళల మీదకీ వచ్చాయి.

అది చదివి మురిసిపోయాను. వెంటనే సిగ్గూ వేసింది. ఎందుకో దాచకుండా చెప్పేస్తాను. మా అమ్మ పోయిన ఏడాదికి, పాతబట్టలకు స్టీలుసామాను ఇచ్చేవాడు వీధిలోకి వచ్చాడు. అమ్మ నూలుచీరలు పదకొండు తీసుకెళ్ళి వాడి ముందు పోశాను. బేరమాడి మరీ ఒక బిందె తెచ్చుకున్నాను. ఆ బిందె ఇప్పటికీ ఉంది, సొట్ట కూడా పడలేదు. పొద్దున్నే నీళ్ళు పట్టేటప్పుడల్లా అందులో నా మొహం కనిపిస్తుంది.

నేనొక్కదాన్నేనా? ఎన్ని ఇళ్ళ బొంతలు ఇలా గిన్నెలుగా, బేసిన్లుగా మారాయో! ఇంకోపక్క పాలియెస్టరు చీరలొచ్చాయి. ఉతుకు సులువు, చిరుగు లేదు. చిరగని చీర బొంతకెక్కదు మరి. బజారులో రగ్గులు చవకయ్యాయి. ఎవరినీ తప్పుపట్టలేం. మధ్యాహ్నాలు నలుగురూ కూర్చునే తీరికా ఎవరికీ లేకపోయె.

మొన్న హాస్టలుకు వెళ్ళబోతూ మా అమ్మాయి, "అమ్మా, ఆ బొంత నాకిస్తావా?" అంది. అది ఇక ఉతుక్కు ఆగదు. కొత్తది కుట్టిద్దామని బీరువా అడుగునుంచి, ఎలాగో మిగిలిపోయిన అమ్మ వాయిల్ చీర ఒకటి, నావి నాలుగు నూలువి పట్టుకుని బస్సెక్కాం. శిరివెళ్ళ దాటి ఆళ్ళగడ్డ చేరేసరికి ఉలి చప్పుళ్ళు వినిపించాయి. ఊరు శిల్పాలకు పేరుపడ్డది కదా. ఆ సందు చివర దూదేకులవారి అవ్వ ఒకామె ఇంకా బొంతలు కుడుతోంది. మా అవ్వతోపాటు వసారాలో కూర్చున్నవాళ్ళలో మిగిలింది ఈమె ఒక్కతే.

చీరలు ఒక్కొక్కటే చేత్తో తడిమి చూసింది. "ఇది ఎవరిది పాపా?" అంటూ ప్రతిదానికీ అడిగింది. వాయిల్ చీర దగ్గర "మా అమ్మది" అన్నాను. "ఒక్కటేనా ఉండేది?" అంది. బిందె సంగతి చెప్పలేక తలూపాను. ఆమె ఇంకేమీ అడగకుండా ఆ చీరను మధ్యకు పెట్టింది.

సూదిలో దారం ఎక్కించి మా అమ్మాయి చేతికిచ్చింది, "ముందర నువ్వెయ్యి" అని. ఎప్పుడూ సూది పట్టని పిల్ల. నాలుగు కుట్లు వేసేసరికి అది కాస్తా వంకరపోయింది. నేను విప్పబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ పాపా. ఎవరు కుట్టింది తెలియొద్దా?"