ధవళేశ్వరం నుంచి ఐదవ తరం దాకా

ఇంజనీరన్నవాడు పని జరిగేచోటనే ఉండాలని మన పెద్దలు అనేవారు. అందులో నిజం లేకపోలేదు. 1847లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పని మొదలైనప్పుడు కాటన్ దొర ఏటి ఒడ్డునే మకాం పెట్టాడు. ప్రభుత్వం ఉన్నది చెన్నపట్నంలో. తంతి లేదు, రైలు లేదు; మంజూరు కోరుతూ రాసిన కాగితం ఇంత దూరం రావాలి, జవాబు మళ్లీ అంత దూరం పోవాలి. జవాబు అందేదాకా గోదావరి ఆగుతుందా? కాబట్టి ఇది చేయండి, అది మానండి అని చెప్పగలవాడు అక్కడే ఉండక తప్పదు. అతని పక్కన, కూలీలను కూడగట్టి వారి భాషలో పని నడిపించడానికి వీణెం వీరన్నగారి వంటివారూ ఉండక తప్పదు. 1852లో ఆనకట్ట పూర్తి అయింది. కాటన్ పేరు అందరికీ తెలుసు. వీరన్నగారి పేరు గోదావరి జిల్లాలవారికి తప్ప అంతగా తెలియదు.

1850ల నడిమికి చెన్నపట్నానికి తంతి వచ్చింది. 1882లో టెలిఫోను ఎక్స్చేంజి వచ్చింది, అదీ జార్జిటౌనులోని ఎర్రబాలు చెట్టి వీధిలో. ఆ వీధి పేరు మన చెవికి పరాయిగా తోచదు. అయితే తంతి గాని, టెలిఫోను గాని ఇంజనీరు మాటను మాత్రమే దూరానికి చేర్చాయి. కన్నూ, చెయ్యీ వెనకనే ఉండిపోయాయి. ఈ లోటు ఒక మనిషి బతుకులో ఎంత బరువైనదో అయ్యలసోమయాజుల లలితగారి చరిత్ర చెబుతుంది.

లలితగారు 1919లో చెన్నపట్నంలోని తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఎలక్ట్రికల్ ఆచార్యులు. ఆమెకు 18 ఏళ్లకే భర్త పోయారు. ఒడిలో నాలుగు నెలల పసిపిల్ల. ఆ స్థితిలో గిండీలో చేరి, 1943లో చదువు ముగించి, దేశంలోనే తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరుగా నిలిచారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. విద్యుత్తు లైన్లకూ, సబ్‌స్టేషన్లకూ డిజైన్లు వేశారు; భాక్రానంగల్ ప్రాజెక్టు పనిలోనూ ఆమె చేయి ఉన్నది. కాని వితంతువు ఒంటరిగా సైట్లు తిరగడం లోకం మెచ్చని కాలమది. తాను గీసినదాన్ని నిలబెట్టే చోటికి పోలేక, ఆమె పని చాలావరకు డిజైను బల్ల దగ్గరనే సాగింది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ మహాసభకు మాత్రం వెళ్లివచ్చారు. సముద్రాలు దాటగలిగిన మనిషికి సబ్‌స్టేషను గేటు దాటడం కష్టమైంది!

ఇప్పుడు మన ఊళ్లోనే జరిగిన ఇంకొక సంగతి. గిండీకి దగ్గరలోనే ఉన్న మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 1990లలో కార్‌డెక్ట్ అనే విధానాన్ని రూపొందించి, ఇంటి దాకా రాగి తీగ లాగకుండానే టెలిఫోను ఇవ్వవచ్చునని చూపింది. అదే ఆవరణ నాయకత్వాన, హైదరాబాదు ఐ.ఐ.టి.తో సహా 8 సంస్థలు కలిసి ఐదవ తరం ఫోను పరికరాలకు పరీక్షాకేంద్రం కట్టాయి. 2022 మే 17న అది ప్రారంభమైంది. రెండు రోజులకు, పూర్తిగా ఈ దేశంలో రూపొందిన నెట్‌వర్కు మీద తొలి 5జి మాట అక్కడినుంచే వెళ్లింది. ఆ అక్టోబరు 1న దేశంలో 5జి సేవ మొదలైనప్పుడు తొలి నగరాలలో చెన్నై కూడా ఒకటి.

సినిమాలు త్వరగా దిగుతాయన్నది ఇందులో చిన్న లాభం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పెట్టిన లక్ష్యాలలో ఒక చదరపు కిలోమీటరులో 10 లక్షల పరికరాలు కలవడం ఒకటి. అత్యవసర పనులకు రేడియో భాగంలో ఆలస్యం సెకనులో వెయ్యో వంతుకు మించకపోవడం ఇంకొకటి. అంటే ఒరగడంలో ఫ్యాక్టరీ యంత్రపు అదురూ, వేడీ తరమణిలో కూర్చున్న ఇంజనీరుకు అప్పటికప్పుడు తెలుస్తాయి. తంతి మోయలేని కన్నూ, కొంతవరకు చెయ్యీ కూడా, ఇప్పుడు ప్రయాణం కడుతున్నాయి.

కొంతవరకే అని ఎందుకంటున్నానంటే, గాజు తీగలో వెలుగు వెయ్యో వంతు సెకనుకు సుమారు 200 కిలోమీటర్లే పోతుంది. చెన్నై నుంచి హైదరాబాదు గీత గీసినట్టు పోయినా సుమారు 500 కిలోమీటర్లు. పోయి రావడానికి అయిదు వంతులు పట్టకమానదు. దీనిని ఏ కంపెనీవారి ప్రకటనా తగ్గించలేదు. అందుచేత రెప్పపాటులో తేల్చవలసిన పని యంత్రం పక్కనే ఉన్న కంప్యూటరుకు పోతుంది. ఆలోచించి తేల్చేది దూరాన ఉన్న ఇంజనీరుకు మిగులుతుంది.

నెల్లూరు, ఒంగోలు నుంచి ఉద్యోగానికై ఈ ఊరు వచ్చిన మన పిల్లలకు ఇది మేలా, కీడా? పసిపిల్లతో ఇల్లు కదలలేని ఆడపిల్లకు నిశ్చయంగా మేలు. లలితగారు ఈ రోజుల్లో ఉంటే భాక్రా స్విచ్‌యార్డును బల్ల దగ్గర నుంచే చూసుకునేవారు. కాని మాడిన ఇన్సులేషను వాసన ఏ కెమేరాకూ అందదు. సైటు మీద నాలుగేళ్లు ఎండలో తిరిగి నేర్చే చదువు, తెర ముందు కూర్చున్న కుర్రవాడికి ఎవరు చెబుతారు? చెప్పగల ఫిట్టరు అక్కడనే ఉంటాడు. అతన్ని చేతికింద మనిషిగా చూసి జీతం కోస్తారో, కలిసి పనిచేసే ఇంజనీరుగా లెక్కిస్తారో, నా మటుకు నాకు అసలు ప్రశ్న అదే. వీరన్నగారి ప్రశ్న ఇంకా తీరలేదన్నమాట.

2023 మార్చి 22న, సరిగ్గా శోభకృత్ ఉగాదినాడు, ఆరవ తరానికి భారత ప్రభుత్వం తన ప్రణాళిక పత్రాన్ని విడుదల చేసింది. అది 2030 ప్రాంతంలో వస్తుందంటున్నారు. తరం పెరిగినకొద్దీ వాడే తరంగాల పౌనఃపున్యమూ పెరుగుతూ వస్తున్నది. అటువంటి తరంగాలు దూరం పోలేవు, గోడలు దాటలేవు. కాబట్టి స్తంభాలు దగ్గర దగ్గరగా నాటాలి, వాటి దాకా గాజు తీగ కోసం వీధులు తవ్వాలి. 2015 డిసెంబరు వరదలో ఈ నగరంలో ఫోన్లు మూగబోయిన రోజులు మనమెవరమూ మరవలేదు. ఒక ఇంజనీరుకు సైటు ప్రయాణం తప్పించే ఈ నెట్‌వర్కు కోసమే, కార్తీకమాసపు వానలో మోకాటి లోతు నీళ్లలో నిలబడి కేబులు అతికే మనిషి ఇంకొకడు కావాలి.