ప్రాజెక్టు నిర్వహణలో స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసం

ప్రాజెక్టు నిర్వహణలో స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసం అనేది ఎం.టెక్., ఎం.బి.ఏ. వంటి పట్టాల కొరకు విద్యార్థి సమర్పించే పరిశోధనాత్మక రచన. ఒక పనిని నిర్ణీత కాలంలో, నిర్ణీత వ్యయంతో, ఆశించిన నాణ్యతతో పూర్తిచేయడానికి కావలసిన ప్రణాళిక, అమలు, నియంత్రణలను అధ్యయనం చేసే శాస్త్రం ప్రాజెక్టు నిర్వహణ. ఇందులోని ఒక సమస్యను ఎంచుకొని, ఆధారాలు సేకరించి, విశ్లేషించి, నిర్ధారణకు రావడం ఈ వ్యాసం యొక్క లక్ష్యం. వాడుకలో దీనిని థీసిస్ అనీ, డిసర్టేషన్ అనీ, కొన్నిచోట్ల ప్రాజెక్టు వర్క్ అనీ వ్యవహరిస్తారు.

నేపథ్యం

పనులను కాలానుగుణంగా చూపే గాంట్ పటం 1910వ దశకంలో ప్రచారంలోకి వచ్చింది. 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థలు క్రిటికల్ పాత్ పద్ధతిని, 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పథకం కొరకు పెర్ట్ పద్ధతిని రూపొందించాయి. 1969లో అమెరికాలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. భారతదేశంలో నిర్మాణరంగ నిర్వహణ విద్య కొరకు 1983లో నిక్‌మార్ సంస్థ స్థాపించబడింది. వరంగల్లులోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో నిర్మాణ సాంకేతికత, నిర్వహణలో ఎం.టెక్. కోర్సు ఉన్నది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన నమూనా పాఠ్యప్రణాళికలో ఎం.టెక్. కోర్సు మొత్తం 68 క్రెడిట్లు కాగా, 26 క్రెడిట్లు సిద్ధాంత వ్యాసానికే కేటాయించబడ్డాయి.

అంశం ఎంపిక

అంశం విశాలంగా ఉంటే వ్యాసం పూర్తికాదు. "నిర్మాణ పనులలో ఆలస్యం" అనేది ఒక గ్రంథమాలకు సరిపడే విషయం. "ఒక జిల్లాలో 2015-2020 మధ్య చేపట్టిన రైల్వే పైవంతెనల ఆలస్యంలో భూసేకరణ పాత్ర" అన్నప్పుడు స్థలం, కాలం, కారణం మూడూ నిర్దిష్టమవుతాయి. అంశాన్ని ఖరారు చేయడానికి ముందే దత్తాంశం దొరుకుతుందో లేదో విచారించాలి. సంస్థ లెక్కలు చూపడానికి నిరాకరిస్తే ఎంత మంచి అంశమైనా నిలిచిపోతుంది.

కాల ప్రణాళిక

సిద్ధాంత వ్యాసం కూడా ఒక ప్రాజెక్టే. కనుక విద్యార్థి తాను చదివిన పద్ధతులనే దానికి అన్వయించుకోవచ్చు. ఉదాహరణకు వరుసగా జరగవలసిన పనులు ఇవి:

* సినాప్సిస్ తయారీ, ఆమోదం - 3 వారాలు
* సంస్థ అనుమతి - 4 వారాలు
* దత్తాంశ సేకరణ - 6 వారాలు
* విశ్లేషణ - 4 వారాలు
* ఫలితాల రచన - 4 వారాలు
* సవరణలు, ముద్రణ - 3 వారాలు

మొత్తం 24 వారాలు. ఇదే క్రిటికల్ పాత్. అనుమతి 2 వారాలు ఆలస్యమైతే సమర్పణ కూడా 2 వారాలు వెనుకబడుతుంది. పూర్వ పరిశోధనల సమీక్షకు 6 వారాలు పడుతుందనుకుంటే, సినాప్సిస్ ఆమోదం నుండి విశ్లేషణ ముగిసేవరకు ఉన్న 14 వారాలలో దానిని ఎప్పుడైనా వ్రాయవచ్చు. అనగా 8 వారాల వెసులుబాటు ఉన్నది. అనుమతి కొరకు వేచి ఉండే కాలాన్ని ఈ సమీక్షకు, ప్రశ్నావళి తయారీకి వినియోగించుకోవడం మేలు.

దత్తాంశ సేకరణ

దత్తాంశం రెండు విధాలు. ప్రశ్నావళి, ముఖాముఖి, క్షేత్ర పరిశీలన ద్వారా స్వయంగా సేకరించేది ప్రాథమిక దత్తాంశం. పని ప్రగతి నివేదికలు, బిల్లులు, కాగ్ నివేదికల వంటి వాటినుండి గ్రహించేది ద్వితీయ దత్తాంశం. ప్రభుత్వ పనుల వివరాలను సమాచార హక్కు చట్టం, 2005 క్రింద కోరవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది కనుక ఈ దరఖాస్తు ముందుగానే చేసుకోవాలి.

విశ్లేషణ

ఆలస్యానికి కారణాలను ప్రాధాన్యక్రమంలో అమర్చడానికి సాపేక్ష ప్రాముఖ్య సూచికను విరివిగా ఉపయోగిస్తారు. 40 మంది ఒక కారణానికి 5 మార్కుల కొలబద్దపై ఇచ్చిన మార్కుల మొత్తం 160 అయితే, దానిని గరిష్ఠ మొత్తం 200తో భాగించగా సూచిక 0.80 వస్తుంది. అయితే ఇది అభిప్రాయాల కొలత మాత్రమే. గుత్తేదారులు బిల్లుల చెల్లింపులో జాప్యాన్నీ, శాఖ ఇంజనీర్లు గుత్తేదారుల అసమర్థతనూ కారణంగా చూపే అవకాశం ఉన్నది. ఒక పక్షాన్నే అడిగితే ఫలితం ఏకపక్షమవుతుంది. అందువలన ఉభయపక్షాల సమాధానాలను వేరువేరుగా లెక్కించి, పని రికార్డులతో సరిపోల్చాలి.

అధ్యాయాల క్రమం

సాధారణంగా పరిచయం, పూర్వ పరిశోధనల సమీక్ష, పరిశోధనా పద్ధతి, విశ్లేషణ - ఫలితాలు, ముగింపు - సూచనలు అనే ఐదు అధ్యాయాలుంటాయి. సంగ్రహం మొదట ముద్రించబడినా చివరగా వ్రాయడం ఉచితం. పరిచయంలో అడిగిన ప్రతి ప్రశ్నకూ ముగింపులో సమాధానం ఉండాలి.

గ్రంథచౌర్యం

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుండి 40 శాతం ఉంటే 6 నెలలకు మించని గడువులో సవరించి సమర్పించాలి. 40 నుండి 60 శాతం ఉంటే ఒక సంవత్సరం పాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలుండదు. 60 శాతం దాటితే నమోదు రద్దవుతుంది. డబ్బిచ్చి ఇతరులచేత వ్రాయించుకున్న వ్యాసం ఈ పోలిక పరీక్షలో దొరకకపోవచ్చు. కానీ మౌఖిక పరీక్షలో "ఈ నమూనానే ఎందుకు ఎంచుకున్నారు?", "ఈ సంఖ్య ఎలా వచ్చింది?" అన్న ప్రశ్నలకు స్వయంగా పని చేసినవారు మాత్రమే జవాబు చెప్పగలరు.

ఇవి కూడా చూడండి

* ప్రాజెక్టు నిర్వహణ
* గాంట్ పటం
* సమాచార హక్కు చట్టం
* విశ్వవిద్యాలయ నిధుల సంఘం